చప్పుడు లేని డబ్బా

నాకు చప్పుడంటే ఒళ్లు మంట. ఇందులో దాచుకోవడానికేమీ లేదు. గర్శకుర్తిలో మా ఇంటికీ సాంచాల కార్ఖానాకూ మధ్య ఒక్క గోడే అడ్డం. మరమగ్గాలను మా దగ్గర సాంచాలంటారు. పొద్దున మొదలైన టకటక పడుకునేదాకా ఆగదు. ఆ టకటకలోనే ఎక్కాలు నేర్చుకున్నాను, ఆ టకటకలోనే ఇంటర్ పరీక్షలకు చదివాను. మా ఇంట్లో ఎవరూ మెల్లగా మాట్లాడరు. ఉప్పు డబ్బా ఇటివ్వమన్నా కేకే, అన్నం తిన్నావా అన్నా కేకే. కొత్తవాళ్లు గుమ్మందాకా వచ్చి, లోపల ఏదో కొట్లాట జరుగుతోందనుకుని అక్కడే నిలబడిపోతారు.

మా బాపు సిద్దిరాములు ఆ కార్ఖానాలోనే సాంచాలు నడుపుతాడు. ఆయన చెవులు సగం పోయాయి. ఉన్న సగంతో కూడా వినాలన్న బుద్ధి లేదని మా అవ్వ దేవవ్వ అంటుంది. అమ్మను అవ్వ, నాన్నను బాపు అనడం మా దగ్గర అలవాటు. కార్ఖానా లోపల నోటితో పనే లేదు, మాటలన్నీ చేతులతోనే. రెండు వేళ్లు మెలితిప్పి చూపితే పోగు తెగిందని. బొటనవేలు పెదవులకు ఆనిస్తే చాయ్‌కి పోదామని. చిన్నప్పుడు బాపుకు అన్నం తీసుకుపోయినప్పుడల్లా చూసి చూసి ఆ చేతి మాటలు నాకూ వచ్చేశాయి. ఇంకొకటి కూడా అక్కడే చూశాను. పక్కవాడు నీళ్లకు పోయినప్పుడు వాడి సాంచా ఆగితే, దగ్గరున్నవాడు చటుక్కున లేచి, అయిపోయిన నూలు కండె మార్చో పోగు అతికో దాన్ని నడిపించాలి. అడగక్కర్లేదు, చెప్పక్కర్లేదు. చూస్తూ కూర్చున్నవాడిని మా కార్ఖానాలో మనిషిగా లెక్కపెట్టరు. ఆగిన సాంచా ఎవరిదైనా సరే, బాపు చేయి దానంతటదే పిడి మీదికి పోతుంది.

డిగ్రీ అయ్యాక నేను కరీంనగర్‌లో ఒక కంప్యూటర్ల దుకాణంలో చేరాను. ఆ యజమాని దృష్టిలో ఆడపిల్లంటే బిల్లులు రాసే మనిషి. స్క్రూడ్రైవర్ పట్టుకుంటే చాలు, "నీకెందుకమ్మా గీ పని" అనేవాడు. అయినా సందు దొరికినప్పుడల్లా విప్పాను, బిగించాను, నేర్చుకున్నాను. ఒకరోజు ఆయన ఆ మాట మళ్లీ అన్నాడు. ఆ స్క్రూడ్రైవర్‌ను ఆయన టేబుల్ మీద పెట్టి, నా చున్నీ సర్దుకుని, బస్సెక్కి ఇంటికొచ్చేశాను. ముందు గదిలో ఒక బల్ల వేసుకుని, "చిన్న కంప్యూటర్లు, చప్పుడు లేనివి, బలమైనవి – ఇక్కడ తయారు చేయబడును, మమతారాణి" అని బోర్డు రాయించాను. ఆ బోర్డు చూసి వచ్చినవాళ్లంతా జిరాక్స్ ఉందా అని అడిగి పోయారు.

ఫిబ్రవరిలో జోయల్ వచ్చాడు. జిరాక్స్ అడగని మొదటి మనిషి. చొప్పదండిలో బడిపంతులు, అక్కడి చిన్న మెథడిస్ట్ చర్చిలో పాటల బృందాన్ని నడిపేది కూడా అతనే. ఫోన్ తీసి నా చెవి దగ్గర పెట్టాడు.

"జర గిది విను చెల్లె."

ఒక ముసలామె పాడుతోంది. సన్నని గొంతు, కానీ గట్టి గొంతు. చరణానికీ చరణానికీ మధ్య ఆమె ఊపిరి తీసుకోవడానికి ఆగుతుంది. ఆగినప్పుడల్లా వెనక నుంచి గుయ్యిమని ఒక రొద పైకి లేస్తుంది.

"సగం పాట ఆమెది, సగం పాట గా ఫ్యాన్‌ది" అన్నాను.

"గదే నా బాధ. గామె రిబ్కమ్మ అవ్వ. పెద్దోళ్ల కాడ నేర్చుకున్న కీర్తనలు గామెకు తప్ప ఇప్పుడు ఎవ్వలకు రావు. పోయినేడు ఎవల్నో అడిగి ఓ కంప్యూటర్ తెచ్చి రికార్డు చేసినం. గిట్ల పాడైంది. మా చర్చి ఒక్కటే హాలు, పక్కన ఇంకో అర్ర లేదు. మైకు వైరు అందాల్నంటే కంప్యూటర్‌ను పాడేటోళ్ల కాళ్లకాడనే పెట్టాలె."

"ఇంకేం కావాలె?"

"ఊర్లల్ల చర్చిలకు బండి మీద తీస్కపోవాలె, అంటే చిన్నగుండాలె. పాడేటోళ్లకు, తబలాకు, హార్మోనియంకు అందరికి తలా ఒక మైకు, అన్ని ఒక్కపారే రికార్డు కావాలె, వీడియో కూడ. మధ్యల ఆగొద్దు. ఈస్టర్ ముంగట పని కావాలె."

చిన్నగా ఉండాలి, బలంగా ఉండాలి, నోరెత్తకూడదు. సంబంధాలు చూసేవాళ్లు కోడలి గురించి అడిగే మూడు ముక్కలూ అతను కంప్యూటర్ గురించి అడిగాడు. నేను ఆలోచించకుండానే "చేస్త" అన్నాను.

"ఒక మాట ముందుగాలనే చెప్పాలె" అన్నాడు జోయల్ తల గోక్కుంటూ. "మా సంఘం పెద్ద సమ్మయ్యకు గిది ఇష్టం లేదు. కరీంనగర్‌ల పెద్ద దుకాణంల పెద్ద డబ్బానే కొనాలంటుండు. ఎట్లనో ఒప్పిచ్చిన. అందరి ముంగట ఒక పాట రికార్డు చెయ్యాలె. మంచిగొస్తె మా చర్చికే కాదు, సుట్టుపక్కల చర్చిలకు కూడ నీతోనే చేపిస్తం. లేకుంటె నీ డబ్బా నువ్వు ఇంటికి తీస్కపోవుడే."

ఇంటికి తీసుకుపోతే నా బోర్డు కూడా దించుకోవాలి. అది అతను అనలేదు, కానీ నాకు తెలుసు. గర్శకుర్తి నుంచి చొప్పదండికి మాట పోవడానికి బస్సు కూడా అక్కర్లేదు.

చిన్న డబ్బాలో పెద్ద బలం పెట్టడమంటే వేడితో తగువు పెట్టుకోవడమే. కంప్యూటర్ ఎంత కష్టపడితే అంత వేడెక్కుతుంది. ఆ వేడిని బయటికి నెట్టడానికి ఫ్యాన్ కావాలి. డబ్బా చిన్నది కదా, ఫ్యాన్ కూడా చిన్నది పెడదామనుకుంటారు అందరూ, అక్కడే పప్పులో కాలేస్తారు. చిన్న ఫ్యాన్ గిరగిరా పరుగెత్తితే తప్ప గాలి చాలదు, పరుగెత్తితే అరుస్తుంది. పెద్ద ఫ్యాన్ నిదానంగా తిరిగినా అంతే గాలి తోస్తుంది, గొంతు పెగలదు. అందుకని డబ్బా ఎంత వెడల్పో అంత ఫ్యాన్ ఒక్కటే తెప్పించాను. మదర్‌బోర్డు నా రెండు అరచేతులంత. అల్యూమినియం డబ్బా మా అవ్వ పోపుల డబ్బా కంటే కొంచెం పెద్దది. ప్రాసెసర్ మీద కూర్చోబెట్టే రాగి, అల్యూమినియం రేకుల దిమ్మ మొదట తెప్పించింది ఎత్తు ఎక్కువై మూత పడలేదు. వెనక్కి పంపి ఇంకోటి తెప్పించాను. ఈసారి మూత పడింది. గోరు దూరేంత సందు మిగిలింది. ఆ సందు చూసుకుని ఆ పూటంతా నాలో నేనే నవ్వుకున్నాను.

వైర్లు ఇంకో తలనొప్పి. ఇరుకు డబ్బాలో వైరు అడ్డొస్తే గాలి ఆడదు. ప్లాస్టిక్ పట్టీలతో కడితే వాటి తోకలు ఫ్యాన్‌కు తగిలి టిక్కుటిక్కుమంటాయి. బాపు తెచ్చిచ్చిన నూలుతో, మా ఇంట్లో అందరికీ వచ్చిన నేతముడితో కట్టేశాను. ఫ్యాన్ వణుకు డబ్బాకు ఎక్కకుండా మధ్యలో మెత్తగా ఏదైనా పెట్టాలి. దానికి కూడా కార్ఖానాయే దిక్కయింది. నూలు మోసే నాడె అటూ ఇటూ పరుగెత్తి వచ్చి తగిలేచోట సాంచాకు ఒక తోలు పట్టీ ఉంటుంది. అరిగిపోయిన పట్టీ ఒకటి బాపును అడిగి, చిన్నచిన్న బిళ్లలుగా కోసి ప్రతి స్క్రూ కింద పెట్టాను. ఆ తర్వాత ప్రాసెసర్‌కు అందే కరెంటును కొద్దికొద్దిగా తగ్గిస్తూ పోయాను. పని తగ్గకూడదు, వేడి తగ్గాలి. ఆ చోటు దొరికేదాకా నేను కూడా ఎవరితోనూ మాట్లాడలేదు, మాట్లాడిస్తే కసిరాను.

అంతా బాగానే ఉంది కానీ, చప్పుడు వస్తోందో లేదో మా ఇంట్లో కూర్చుని తెలిసేదెట్లా? గోడవతల సాంచాలు నడుస్తుంటే చెవిలో బాంబు పేలినా తెలియదు. నాకు నిశ్శబ్దం దొరికేది కరెంటు పోయినప్పుడే. ఊరంతా కరెంటోళ్లను తిడుతుంటే నేను బల్ల దగ్గరికి పరుగెత్తేదాన్ని. ఇన్వర్టర్‌ను వెనక కొట్టంలోకి జరిపించాను, దాని మూలుగు నా లెక్కలో కలవకుండా. సాంచాలు ఆగాక గోడవతల దగ్గులు వినబడతాయి, వీధిలో కోళ్లు వినబడతాయి. కంప్యూటర్‌కు చేతనైనంత బరువైన పని అప్పజెప్పి, దాని మూతకు చెవి ఆనించి పడుకునేదాన్ని. మొదట్లో లోపల ఎక్కడో ఈగ ముసిరినట్టు ఒక రొద. ఏదో ఒకటి సవరించేదాన్ని, మళ్లీ కరెంటు పోయేదాకా ఎదురు చూసేదాన్ని. "కరెంటు పోవాల్నని మొక్కేదానివి నువ్వొక్కదానివే" అని మా అవ్వ తిట్టిపోసేది.

ఒక మధ్యాహ్నం కరెంటు పోయింది. మూతకు చెవి పెట్టాను. ఏమీ లేదు. నా గుండె చప్పుడు తప్ప ఏమీ లేదు. తెర మీద చూస్తే కంప్యూటర్ ఒళ్లు వంచి పని చేస్తోంది. నాకు ఎగిరి గంతేయాలనిపించింది. అప్పుడే బాపు కార్ఖానా నుంచి చెమట తుడుచుకుంటూ వచ్చి, నన్ను చూసి, డబ్బా మీద అరచేయి పెట్టాడు. చెవులతో పని జరగదు కాబట్టి ఏ యంత్రాన్నైనా ఆయన చేత్తోనే చూస్తాడు.

"నడుస్తలేదు బిడ్డా."

"నడుస్తుంది బాపూ."

"ఏడ నడుస్తుంది? వణుకుడే లేదు." ఇంకో చేయి కూడా పెట్టాడు. "సప్పుడు లేకుంట ఏ మిషనన్న నడుస్తదా? కరాబైనట్టుంది, జర సూడు."

నాకు తిక్క రేగింది. తెర చూపించాను. ఆయన తెరను చూడలేదు, నన్ను చూశాడు, పిచ్చిదాన్ని చూసినట్టు. ఊళ్లో అందరూ మెచ్చుకున్నా బాపు ఒక్కడు నమ్మకపోతే ఏం లాభం అనిపించింది. ఆ కోపంతో ఆ పూట అన్నం కూడా సరిగా తినలేదు.

మార్చిలో ఒక శనివారం చొప్పదండి బయల్దేరాను. స్కూటర్ నేను నడిపాను. వెనక బాపు డబ్బాను తువ్వాలలో చుట్టి, చంటిపిల్లను పట్టుకున్నట్టు ఒళ్లో పట్టుకున్నాడు. నమ్మకం లేకపోయినా మోయడానికి వెనకాడే మనిషి కాదు.

చర్చి నిండా జనం. చప్పుడవుతుందని పైన ఫ్యాన్లన్నీ ఆపేశారు. ఆడవాళ్లు కొంగులతో, మగవాళ్లు అట్టముక్కలతో విసురుకుంటున్నారు. నాకది మంచిదే అనిపించింది. ఇంత ఉక్కలో కూడా నా డబ్బా చల్లగా నోరు మూసుకుని పని చేస్తే ఇక ఎవరు కాదంటారు?

సమ్మయ్య తెల్లచొక్కా వేసుకుని ముందు బల్ల మీద కూర్చున్నాడు. తువ్వాల విప్పగానే ముందుకు వంగి చూశాడు.

"గిదేనా? నేను ఇంకా ఎవలకో అన్నం పట్టుకొచ్చిండ్రనుకున్న. గింత డబ్బాల ఏం బలముంటది బిడ్డా?"

"సూస్తరు గద పెద్దయ్యా" అన్నాను పళ్ల బిగువున.

రిబ్కమ్మ అవ్వ మాత్రం డబ్బాను చూసి, "ముద్దుగున్నది" అంది. ఆమె పాడే చోటు పక్కనే, కింద చిన్న ముక్కాలి పీట మీద డబ్బా పెట్టాను. దాని పక్కనే తెర. జోయల్ చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టుకుని బృందం ముందు నిలబడ్డాడు. పాట జరుగుతుండగా ఎవరూ తలుపు తోసుకుని రాకుండా నేను గుమ్మం దగ్గర నిలబడాలి. అందుకని బాపును డబ్బా పక్కన కూర్చోబెట్టాను.

"జర దీన్ని సూస్కో బాపూ" అన్నాను. ఆ మాట నేనే అన్నాను, గుర్తుంచుకోండి.

పాట మొదలైంది. రిబ్కమ్మ అవ్వ కళ్లు మూసుకుంది. ఆమె మూసుకోగానే చర్చిలో అందరూ మూసుకున్నారు. అది పాటే కాదు, వాళ్లకు ప్రార్థన కూడా. కళ్లు తెరిచి ఉన్నది మేమిద్దరమే, అక్కడ బాపు, ఇక్కడ నేను. మొదటి చరణం అయింది. ఆమె ఆగి ఊపిరి తీసుకుంది. ఆ ఖాళీలో ఏ రొదా లేదు. నాకు ఒళ్లంతా పులకరించింది. రెండో చరణం మొదలైంది. అది సగంలో ఉండగా తెర దానంతటదే ఆరిపోయింది. ఎవరూ ముట్టకుండా కాసేపుంటే తెర నిద్రపోతుంది, లోపల కంప్యూటర్ మాత్రం పని చేస్తూనే ఉంటుంది. ఆ నిద్రను తీసేయడం నేను మరిచిపోయాను.

బాపు ఉలిక్కిపడ్డాడు. నల్లటి తెర చూశాడు. డబ్బా మీద చేయి పెట్టాడు. వణుకు లేదు. చుట్టూ చూశాడు, అందరి కళ్లూ మూసి ఉన్నాయి, నేనేమో దూరంగా గుమ్మంలో ఉన్నాను. నేను చేతులూపాను, వద్దు వద్దని తల అడ్డంగా ఊపాను. ఆయన అప్పటికే డబ్బా వైపు తిరిగిపోయాడు. ఏదో గొణిగాడు. స్తోత్రం చెబుతున్నాడనుకున్నారేమో, ఎవరూ కదల్లేదు. బొటనవేలు మీటను వెతుక్కుంది. సాంచా పిడిని పట్టుకున్నట్టు, నడక అందుకునేదాకా వదలకుండా, గట్టిగా నొక్కి పట్టుకున్నాడు. నడిచే కంప్యూటర్‌ను అట్లా నొక్కి పట్టుకుంటే ఏమవుతుంది? చచ్చి ఊరుకుంటుంది.

జోయల్ హెడ్‌ఫోన్లు తీసేసి చేయి పైకెత్తాడు. పాట ఆగింది. కళ్లన్నీ తెరుచుకున్నాయి.

"ఆగింది" అన్నాడు.

"ఆగిందా?" సమ్మయ్య లేచి నిలబడ్డాడు. "నేను చెప్పలేదా? సగం పాటకే సల్లబడ్డది. ఇగ దినమంత ఏం నడుస్తది?"

నా నెత్తురు మరిగింది. మా బాపే ఆపాడని అరవడానికి నోరు తెరిచాను. సరిగ్గా అప్పుడు బాపు హాలుకు ఆ చివర నుంచి నావైపు చూసి, రెండు వేళ్లు మెలితిప్పి చూపించాడు. పోగు తెగింది బిడ్డా, నడిపించడానికి చూస్తున్నాను, ఫికర్ చేయకు అని. ముఖంలో ఆదుర్దా తప్ప ఏమీ లేదు. ఆయన ఏం చేశాడో ఆయనకు తెలియదు. బిడ్డ మగ్గం ఆగింది, పక్కనున్నవాడు నడిపించాలి, అంతే.

తెరిచిన నోరు మూసుకున్నాను. ఇంతమంది ముందు ఆయన తల దించుకోవడమా, నేను దించుకోవడమా? నాది దించుకున్నాను.

"వైరు లూజైనట్టుంది. మల్ల మొదలువెడుదాం" అన్నాను. ఆ అబద్ధం నా నోటికి వేపాకంత చేదుగా తగిలింది. నా పని మీద నేనే మచ్చ వేసుకున్నాను.

"వైర్లే సక్కగ నిలువకపోతె ఇదేం డబ్బా?" అన్నాడు సమ్మయ్య అట్టముక్క విసురుకుంటూ. చుట్టూ కొందరు తలలూపారు. రిబ్కమ్మ అవ్వ మాత్రం నీళ్లు తాగింది.

నేను వెళ్లి కంప్యూటర్ మళ్లీ నడిపించాను. మన కరెంటును నమ్మలేం కదా, అందుకని పాడుతుండగానే పాట ఎప్పటికప్పుడు లోపల భద్రమయ్యేలా ముందే పెట్టాను. తెర మీద ఆ సగం పాట ఉంది. నేను చేయి పెట్టేలోపే జోయల్ దాన్ని చర్చి స్పీకర్లకు కలిపి, "ఏడ ఆగిందో విందాం" అని నొక్కేశాడు.

రిబ్కమ్మ అవ్వ గొంతు హాలంతా నిండింది. మొదటి చరణం అయింది. ఆమె ఊపిరి తీసుకున్నది కూడా వినబడింది. ఆ తర్వాత ఏమీ లేదు. బయట ఎక్కడో ఒక కాకి, దూరంగా బస్సు హారన్, అంతే. సమ్మయ్య చేతిలో అట్టముక్క ఆగిపోయింది. ఆయన స్పీకర్ వైపు తల వంచి విన్నాడు.

రెండో చరణం సగంలో బట్టల గరగర. ఆ వెంటనే స్పీకర్లో మా బాపు గొంతు, మైకు పక్కనే ఉంది కనుక ఉన్నదానికి రెండింతలై:

"అరె, ఆగింది పాపం. బిడ్డ దూరమున్నది. ఆగు, నేనే నడిపిస్త."

తర్వాత టక్ మని ఒక చిన్న చప్పుడు. అక్కడితో పాట తెగిపోయింది.

స్పీకర్ బాపు పక్కనే ఉంది. ఆయన చెవులకు కూడా ఆ మాట చక్కగా అందింది. స్పీకర్‌ను చూశాడు. మీటను చూశాడు. తన బొటనవేలిని చూసుకున్నాడు. తర్వాత నన్ను చూశాడు. నేను తల పక్కకు తిప్పుకున్నాను. అప్పుడు అర్థమైంది ఆయనకు, వైరు ఎక్కడా లూజు కాలేదని.

లేచి నిలబడ్డాడు. నలుగురితో మాట్లాడేటప్పుడు ఆయనకు గొంతు తగ్గించడం రాదు. ఇంట్లో మాట్లాడినట్టే మాట్లాడాడు.

"అందరు జర వినుండ్రి! మిషన్ ఆగలే. నేనే ఆపిన. తప్పు నాది. నేను బుద్ధెరిగిన సంది మిషన్ల నడుమనే ఉన్న. నడిచేదేదో ఆగిందేదో కండ్లు మూసుకొని చెయ్యి పెట్టి చెప్త. గసొంటి నాకు, గిది నడుస్తుందని తెల్వలే! పక్కనే కూసున్న, చెయ్యి పెట్టి సూసిన, అయినా తెల్వలే! గింత ఉక్కల, గింత మంది పాడుతుంటె, గది అంత పని చేస్కుంట ఇంత కూడ వణుకలే. ఇంటికాడ నా బిడ్డ చెప్పింది, నేను నమ్మలే. ఇప్పుడు చెప్తున్న, గిసొంటి మిషన్ నేను జిందగీల సూడలే. గిది చేసింది నా బిడ్డ!"

చేయి చాచి నన్ను చూపించాడు. చర్చి అంతా నావైపు తిరిగింది. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి, తుడుచుకోలేదు. ఆ క్షణంలో నాకంటే గర్వంగా నిలబడ్డ మనిషి ఆ జిల్లాలో ఉండి ఉండడు, మా బాపు తప్ప.

ముందుగా నవ్వింది రిబ్కమ్మ అవ్వ. "నీ గొంతుకు మైకు అక్కర్లేదు తమ్మీ" అంది. ఆమెతో పాటు అందరూ నవ్వారు. సమ్మయ్య నవ్వలేదు. మెల్లగా నడిచి వచ్చి, వంగి, డబ్బా మీద అరచేయి పెట్టాడు. కాసేపు అట్లాగే ఉన్నాడు.

"ఇప్పుడు నడుస్తుందా, లేదా?" అని జోయల్‌ను అడిగాడు.

"నడుస్తుంది పెద్దయ్యా."

సమ్మయ్య చేయి తీసి, ఆ చేతిని తిప్పి చూసుకున్నాడు. బాపు వైపు తిరిగి, "నువ్వన్నది నిజమే. ఎవలకైన తెల్వది" అన్నాడు. తర్వాత నాతో, "వైరు లూజైందని ఎందుకన్నవు బిడ్డా?" అని అడిగాడు. నా చూపు బాపు మీదికి పోయింది. సమ్మయ్యకూ బిడ్డలున్నారు, మళ్లీ అడగలేదు.

పాట మొదటి నుంచీ పాడారు. ఈసారి బాపు రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని కూర్చున్నాడు. ఆయన్ను అట్లా కూర్చోమని ఎవరూ అనలేదు. సాయంత్రందాకా కీర్తన వెంట కీర్తన రికార్డయింది, తబలా, హార్మోనియం, వీడియో అన్నీ కలిపి. డబ్బా ఎక్కడా తడబడలేదు. తిరిగొచ్చేటప్పుడు బాపు ఒళ్లో ఖాళీ తువ్వాల ఒక్కటే ఉంది.

మర్నాడు మధ్యాహ్నం బాపుకు అన్నం తీసుకుని కార్ఖానాకు పోయాను. సాంచాలన్నీ చెవులు చిల్లులు పడేట్టు నడుస్తున్నాయి. బాపు నాకు వీపు పెట్టి, తన సాంచాను వదిలేసి, పక్క సాంచా అంతయ్యకు చేతులతో కథ చెబుతున్నాడు. రెండు అరచేతులు ఎడంగా పెట్టి డబ్బా ఎంతుందో చూపించాడు. పెదవుల మీద వేలు పెట్టుకున్నాడు. గాలిలో చేయి ఆనించి, ఏం లేదు ఏం లేదని తలూపాడు. బొటనవేలితో నొక్కి పట్టుకుని, తన నెత్తిమీద తనే ఒకటి వేసుకున్నాడు. అంతయ్య పడీపడీ నవ్వుతూ గుమ్మంలో ఉన్న నన్ను చూసి సైగ చేశాడు. బాపు వెనక్కి తిరిగి నన్ను చూపించి, ఆ చేతిని తన ఛాతీ మీద ఆనించుకున్నాడు. ఆ చేతి మాట నేనెప్పుడూ చూడలేదు, అయినా నాకు ఎవరూ అర్థం చెప్పనక్కర్లేదు.

అప్పుడే బాపు సాంచా ఆగిపోయింది. కండె అయిపోయింది. ఆగిన సాంచా ఊళ్లో ఎక్కడున్నా పసిగట్టే మనిషికి, సొంత సాంచా ఆగింది కూడా పట్టలేదు. ఆయన చేతులు ఇంకా కథలోనే ఉన్నాయి, ఇప్పుడు రిబ్కమ్మ అవ్వ వంతు వచ్చింది.

నేను అన్నం డబ్బా కింద పెట్టి, కండె మార్చి, పిడి లాగాను. సాంచా మళ్లీ నడిచింది.